వదిన కొలత జాకెట్టు

నాలుగేళ్ళు దాటింది. ఒక మాట నా లోపల కూర్చుని ఉంది. అన్నం తింటుంటే ఉంటుంది, మిషన్ తొక్కుతుంటే ఉంటుంది. నా భర్తకు చెప్పలేదు. గల్ఫ్‌లో ఉన్న మా అన్నకు చెప్పలేదు. కొండగట్టుకు పోయినప్పుడు దేవుడి ముందు కూడా దాని పక్కపక్క మాటలే చెప్పి, అసలుది మింగి వచ్చాను. ఈ పత్రిక చదివే మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళను నేను నమ్మను. తెలియనివాళ్ళనూ పెద్దగా నమ్మను గాని, మీకు నా ముఖం కనబడదు.

నేను కోరుట్లలో జాకెట్లు కుడతాను. ఇరవై రెండేళ్ళ పని. ఈ పనిలో చెయ్యి తిరగడం కంటే ముందు అనుమానం వస్తుంది. టేపు చుట్టగానే ఆడవాళ్ళు ఊపిరి బిగబడతారు. పోయిన ఏడాది కొలతే ఉంచు, మార్పేమీ లేదంటారు. నేను సరే అని, వాళ్ళు ఊపిరి వదిలేదాకా ఆగి, అప్పుడు చూసి రాసుకుంటాను. ఎవరైనా నా ముందు నిలబడి ఇన్ని కిలోలు తగ్గానని చెబితే నా కళ్ళు ఆమె ముఖం మీద ఉండవు. చంక కింద కుట్టు మీద ఉంటాయి. ఫోన్లో తగ్గకముందు, తగ్గిన తర్వాత అని రెండు ఫోటోలు పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒకటే ప్రశ్న. మూడో ఫోటో ఏది? రెండేళ్ళ తర్వాతది?

ఇంత అనుమానం ఉన్న మనిషిని, నన్ను నేను మాత్రం ఎందుకు అనుమానించలేదు?

మా వదిన గురించి చెప్పాలి. మా అన్న భార్య. మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటుంది. అన్న రెండేళ్ళకోసారి నెల రోజులు వచ్చి పోతాడు. మిగతా రోజులు ఇంట్లో ఆమె, కూతురు ఇద్దరే. ఆమెకు నేను, నాకు ఆమె. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మంచి మాటకారి. పది మందిలో కూర్చుంటే ఆ పది మందీ ఆమె వైపే తిరిగి కూర్చుంటారు. ఆమెకు షుగర్ ఉంది. గోలీలు వేసుకునేది. మనిషి లావుగా ఉండేది, మెట్లు ఎక్కితే ఆయాసపడేది.

ఏడేళ్ళ కింద మా దగ్గరికి ఆ డైట్ వచ్చింది. ఎవరు తెచ్చారో తెలియదు, ఫోన్లలో వచ్చింది. అన్నం లేదు, రొట్టె లేదు, పప్పు లేదు, పండు లేదు. గుడ్లు, మాంసం, పనీరు, కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ళు. ఇంటికి వచ్చిన మనిషిని ముందుగా అన్నం తిన్నావా అని అడిగే ఊరు మాది. ఆ ఊళ్ళో పాతికమంది ఆడవాళ్ళు అన్నం గిన్నెను దూరం నెట్టి కూర్చున్నారు. వదిన మొదలుపెట్టింది. ఆమెతో పాటు నేనూ మొదలుపెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం దుకాణం పరదా వెనక కూర్చుని చారు పోసుకుని అన్నం తిన్నాను. ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఎవరికీ చెప్పలేదు. ఇంకో వారం గుడ్లు తింటున్నట్టే నటించాను. ఆ తర్వాత మూడో రోజే తిన్న సంగతి వదినకు చెప్పి, నా వల్ల కాదని బయటపడ్డాను.

వదిన వల్ల అయ్యింది. ఐదు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గింది. నేను నమ్మలేదు. దొంగతనంగా తింటుందేమో అని చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాళ్ళింటికి పోయినప్పుడల్లా బియ్యం డబ్బా మూత తీసి ఎంత తగ్గిందో చూసేదాన్ని. కూతురు ఒక్కతే తినే బియ్యం ఎంత, ఇద్దరు తినేది ఎంత అని లోపల లెక్క వేసుకునేదాన్ని. ఆమె నిజంగానే తినడం లేదు. ఆమె దొరికి ఉంటే నాకు అంత మంట ఉండేది కాదేమో. దొరకలేదు. షుగర్ కూడా దిగిందని తెలిసి జగిత్యాల డాక్టర్ గోలీలు తగ్గించాడు. మూడు నెలలకోసారి పరీక్షకు రావాలని, తనంతట తానే మానొద్దని గట్టిగా చెప్పాడట. గోలీలు తగ్గాయన్న మాట వదిన విన్నది. రెండో మాట వినలేదు. ఇంకో రెండు నెలలకు గోలీలు పూర్తిగా మానేసింది.

ఆ ఎండాకాలం మల్యాలలో మా దగ్గరి చుట్టాల పెళ్ళి. భోజనాల బంతిలో కూర్చున్నాం. వదిన ముందు మాంసం తప్ప ఏమీ లేదు. ఆమె చుట్టూ ఆడవాళ్ళు, ఎట్ల తగ్గినవ్, ఏం తిన్నవ్ అని ఒకటే అడగడం. ఆమె చెబుతూ చెబుతూ నా విస్తరి వైపు చూపించి నవ్వింది. "మా ఆడిబిడ్డకు నోరు కట్టుకొనుడు రాదు. మూడొద్దులకే బువ్వ గిన్నెల చెయ్యి వెట్టింది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో ముద్ద అట్లాగే ఉంది. అది తినాలో వద్దో తెలియలేదు.

అది చిన్న మాట. వదినా ఆడిబిడ్డల మధ్య అంతకంటే పెద్ద మాటలే నడుస్తాయి. నేను దాన్ని మర్చిపోయాననే అనుకున్నాను.

ఇక జాకెట్టు సంగతి. చీరకు కొలత లేదు, ఎంత మనిషికైనా చుట్టుకుంటుంది. లంగాకు బొందు ఉంది, ఎంతకైనా ముడి పడుతుంది. ఆడమనిషి లావైందో సన్నబడిందో నిజం చెప్పేది జాకెట్టు ఒక్కటే. వదిన బాగా సన్నబడ్డాక వంకాయ రంగు జాకెట్టు ఒకటి కుట్టించుకుంది. ఒంటికి అతికినట్టు, వేలు దూరే సందు లేకుండా. "బరువు సూసే మిషన్ ఒక్కో దినం ఒక్కో మాట చెప్తది, జాకెట్ అబద్ధమాడది" అనేది. దాన్ని నా దుకాణంలోనే వేలాడదీసింది. నెలనెలా వచ్చి పరదా వెనక వేసుకుని, హుక్కులు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, విప్పి మళ్ళీ నాకే ఇచ్చి పోయేది. ఆమెను చూసి మిగతావాళ్ళూ అట్లాగే ఒక్కొక్క జాకెట్టు తెచ్చి పెట్టారు. పదకొండు జాకెట్లు. గోడకు వరసగా. బరువు చూసుకోవడానికి డాక్టర్ దగ్గరికి పోవాల్సినవాళ్ళు నా దుకాణానికి వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతి ఒక్కరూ పాత జాకెట్లు బిగించడానికి తెచ్చేవాళ్ళు. పని బాగా పెరిగింది. అది కూడా దాచను.

మరుసటి ఏడాది బతుకమ్మ వచ్చింది. తొమ్మిది రోజుల నైవేద్యాలు. ఆఖరిదైన సద్దుల రోజు నువ్వుల సద్ది అన్నం, పెరుగన్నం, రొట్టెలో బెల్లం కలిపిన మలీద ముద్దలు. వదిన తిన్నది. ఆ ఒక్క రోజు తిన్నది తప్పని నేను అనను, తినకపోతేనే తప్పు. కాని ఆ తర్వాత ఆదివారం తిన్నది. తర్వాత రోజూ పొద్దుగూకాక కొంచెం. బియ్యం డబ్బా మూత తీసే అలవాటు నాకు పోలేదు కదా, నాకు తెలుసు. ఏడాదిన్నర ఆపుకున్న ఆకలి ఒక్కసారి తలుపు తెరిస్తే, ముందు తినేదానికంటే ఎక్కువే తింటుంది మనిషి. అందులో ఆమె తప్పు ఎంత? బతికినన్నాళ్ళు తినలేని పద్ధతిని ఐదు నెలలు తిని గెలిచామనుకోవడంలో తప్పు ఎంత? నాకు తెలియదు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. కాని గోడకు వేలాడుతున్న పదకొండింటిలో అప్పటికే ఆరు జాకెట్ల కోసం మనుషులు రావడం మానేశారు. అడిగితే ఒకామెకు తీరిక లేదు, ఇంకొకామెకు మోకాళ్ళ నొప్పి. వాళ్ళు రోడ్డు మీద కనబడితే నేను వాళ్ళ చంక కింద చూసేదాన్ని. విషయం అక్కడ రాసి ఉండేది.

వదిన మాత్రం వచ్చింది. ఒకనాడు పరదా వెనక చాలాసేపు ఉండిపోయింది. నేను లోపలికి తొంగి చూశాను. కింది రెండు హుక్కులు కలవడం లేదు. ఆమె ముఖం తెల్లబోయింది. "బట్ట గుంజుకపోయిందా పిల్లా, నేనే దొడ్డుగైన్నా?" అని అడిగింది. అడిగిన తీరు ఎట్లా ఉందంటే, మొదటిదే చెప్పు, రెండోది చెప్పకు అన్నట్టు ఉంది.

"బట్టనే గుంజుకుంది వదినె. మొన్న ఉతికిన గదా" అన్నాను.

ఉతకలేదు. ఆ అబద్ధం జాలితో ఆడానని అప్పుడు అనుకున్నాను. జాకెట్టు పక్కన లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదులుతాం, దాని మీద నాలుగు వరసలు కుట్టు వేస్తాం. మనిషి పెరిగితే ఒక్కో వరస విప్పుకుంటూ పోవచ్చు. ఆమె కళ్ళ ముందే ఒక వరస విప్పాను. హుక్కులు పడ్డాయి. ఆమె ముఖంలోకి రంగు వచ్చింది. ఇక్కడితో ఆగి ఉంటే మీకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

తర్వాతి నెల ఆమె రాకముందే రెండో వరస విప్పాను. ఆమె అడగలేదు. ఎవరూ అడగలేదు. నేనే, దుకాణం తలుపు దగ్గరికి వేసి, బ్లేడుతో ఒక్కో పోగూ తెంపాను. విప్పిన కుట్టు చోట సూది రంధ్రాలు వరసగా కనబడతాయి. వాటిని గోటితో రుద్ది, తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టి పూడ్చాను. జాలితో చేసే పనికి ఇంత జాగ్రత్త ఎందుకు? అప్పుడు ఈ ప్రశ్న రాలేదు. ఆమె వచ్చింది, వేసుకుంది, హుక్కులన్నీ పడ్డాయి. అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది. బయట కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళకు చూపించింది, వాళ్ళు మెచ్చుకున్నారు. నేను గజాల కర్ర పట్టుకుని నిలబడి చూస్తున్నాను. నాకు లోపల ఎట్లా అనిపించిందో చెప్పాలి. సంతోషంగా అనిపించింది. ఈ గదిలో నిజం తెలిసింది నాకొక్కదానికే అనే సంతోషం.

ఆమె మిగతా జాకెట్లు కూడా హుక్కు ఊడిందనో, చంకలో పిగిలిందనో నా దగ్గరికే వచ్చేవి. వాటికీ అదే వైద్యం చేశాను. మరి ఆమెకు తెలియదా, అద్దంలో కనబడదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. తెలుసుకోవద్దని లోపల నిర్ణయించుకున్న మనిషికి ఒక్క సాక్షి చాలు. ఆ సాక్షిని నేను కుట్టి పెట్టాను.

నాలుగు వరసలూ అయిపోయాయి. లోపల గుడ్డ అయిపోయింది. ఇక చెప్పక తప్పదు. చెప్పడానికి ఎంత మంచి సమయం అది. వదినె, నువ్వు మల్లా పెరిగినవ్, ఒక్కసారి జగిత్యాల పోయి చూపించుకో అనాలి. అంతే మాట. నేనేం చేశానో వినండి. లైనింగు గుడ్డ తేవాలని చెప్పి సిరిసిల్ల బస్సెక్కాను. లైనింగు కోసం సిరిసిల్ల పోవడం నాకు మామూలే, ఎవరికీ అనుమానం రాదు. అక్కడ నాలుగు దుకాణాలు తిరిగి అదే వంకాయ రంగు గుడ్డ వెతికాను. మొదటి మూడింటిలో రంగు కొంచెం తేడాగా ఉంది. నాలుగో దాంట్లో దొరికింది. సంచిలోంచి పాత జాకెట్టు తీసి, ఎండలోకి తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాను. తెచ్చి, మూడంగుళాలు ఎక్కువ పెట్టి కొత్త జాకెట్టు కుట్టాను. పాతదాని హుక్కులే విప్పి దీనికి వేశాను. పాతబడినట్టు కనబడాలని ఎనిమిదిసార్లు ఉతికి ఎండలో వేశాను. పాతదాన్ని ముక్కలు చేసి మిషన్ తుడిచే పేలికల్లో కలిపాను.

సిరిసిల్ల బస్సులో తిరిగి వస్తుంటే, ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, నేను చేస్తున్నది జాలి కాదని నాకు తెలిసింది. అప్పటిదాకా తెలియదని చెప్పుకోవచ్చు. ఆ తర్వాత చెప్పుకోలేను. మల్యాల బంతిలో ఆమె నవ్విన నవ్వును నేను మర్చిపోలేదు. నాకు నోరు కట్టుకోవడం రాదన్న మనిషి, తనకూ రాదని తెలియకుండా అందరికీ సలహాలు చెబుతూ తిరగడం నాకు చూడముచ్చటగా ఉంది. ఆమెను పిచ్చిదాన్ని చేసి చూస్తున్నాను. నా పేరు, నా దుకాణం, పెరిగిన పని, అవన్నీ కూడా ఉన్నాయి. కాని ముందు ఇది.

ఆ జాకెట్టు ఇంకో ఏడు నెలలు నడిచింది.

ఆమె ఎడమ కాలి చిటికెన వేలు దగ్గర చెప్పు కరిచింది. నొప్పి లేదంది. పసుపు పెట్టింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు, అసలు నొప్పి లేకపోవడమే రోగమని మాలో ఎవరికి తెలుసు? వాసన వచ్చేసరికి కూతురు భయపడి నన్ను పిలిచింది. జగిత్యాలకు తీసుకుపోయాం. అక్కడ రక్తం పరీక్ష చేసి, బరువు చూసే మిషన్ మీద నిలబెట్టారు. డైట్ మొదలుపెట్టినప్పటి కంటే మూడు కిలోలు ఎక్కువ ఉంది. డాక్టర్ పాత చీటీ చూసి, ఆమె వైపు చూశాడు.

"మధ్యల బరువు తగ్గినట్టుంది గదమ్మా. మల్లా పెరుగుతున్నట్టు తెల్వలేదా?"

"నేను పెరగలే సార్" అంది వదిన. "మీ మిషన్ల ఏదో ఫరక్ ఉన్నది. నెలనెల నా కొలత జాకెట్ ఏసుకొని సూస్తున్న. మొన్న గూడ సక్కగ సరిపోయింది."

"గోలీలు ఎప్పటిసంది బంద్ చేసినవ్?"

"తగ్గినప్పుడే బంద్ చేసిన. జాకెట్ సరిపోతుంటే షుగర్ ఎక్కడికెళ్ళి అస్తది అనుకున్న." అని నా వైపు తిరిగింది. "గామెనే కుడ్తది సార్, మా ఆడిబిడ్డ. అడుగుండ్రి. చెప్పు పిల్లా, సరిపోతలేదా?"

డాక్టర్ నన్ను చూశాడు. కూతురు నన్ను చూసింది. నేను నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఈ భూమ్మీద లేదు.

"సరిపోతుంది సార్" అన్నాను.

ఆయన తల వంచి రాసుకున్నాడు. రెండు వేళ్ళు తీసేశారు. ఏడాది ముందు వచ్చి గోలీలు మళ్ళీ మొదలుపెట్టి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదేమో అని నర్సు కూతురితో అంటుంటే విన్నాను. ఏమో అన్న మాటను పట్టుకుని నాలుగేళ్ళు వేలాడాను. ఏమో కదా. వచ్చినా పోయేవేమో. డైట్ తప్పేమో, ఆమె మొండితనం తప్పేమో, ఫోన్లలో పంపినవాళ్ళ తప్పేమో. ఆ డైట్ మీద నాకున్న అనుమానాలన్నీ నిజమే, ఇప్పటికీ అంటాను, ఒక మనిషి జీవితాంతం తినలేనిదాన్ని చూపించి ఇదే దారి అని చెప్పకూడదు. కాని ఆ మాట నేను ఎంత గట్టిగా అంటే అంత నన్ను నేను అనుమానిస్తాను. డైట్ ఆమె బరువును మళ్ళీ పెంచి ఉండవచ్చు. పెరిగింది ఆమెకు తెలియకుండా చేసింది మాత్రం డైట్ కాదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె మారిపోయింది. పూటకు ఇంత అని కొలిచి అన్నం తింటుంది, గోలీలు వేసుకుంటుంది, కర్ర పట్టుకుని పొద్దున్నే నడుస్తుంది. మెల్లగా, ఏడాదికి ఇన్ని కిలోలు అన్నట్టు తగ్గుతుంది. ఎవరికీ సలహాలు చెప్పదు. ఎవరైనా అడిగితే తప్పంతా నాదే, నా ఒళ్ళు నాకే తెల్వకపాయె అంటుంది. నేను పక్కనే కూర్చుని వింటాను. అన్న ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, నువ్వున్నవని ధైర్యం అంటాడు. నేను ఆఁ అంటాను.

పోయిన దసరా నుంచి ఆమె తన బట్టలు వేరేచోట కుట్టించుకుంటోంది. అది ఇంటికి దగ్గరని చెప్పింది. దగ్గర కాదు, ఆ కాలితో బస్టాండు దాటి పోవాలి. అంతకుమించి ఏమీ అనలేదు. మా ఇంటికి వస్తుంది, చాయ్ తాగుతుంది, నవ్వుతుంది. ఆ నవ్వులో ఏముందో నేను వెతుకుతూ ఉంటాను. ఆమెకు తెలుసా? హుక్కులు చూసి గుర్తుపట్టిందా, గుడ్డ అంచు చూసిందా? తెలిసీ ఊరుకుందా? ఊరుకుంటే ఎందుకు? నన్ను క్షమించిందనుకోవడానికి నాకు ధైర్యం లేదు. క్షమించాలని అడిగే ముఖమూ లేదు.

ఆమె ఎదుట నిలబడి చెప్పడం నాకు చేతకాలేదు. ఎన్నోసార్లు వాళ్ళ గుమ్మం దాకా పోయి, ఉప్పు కోసం వచ్చానని చెప్పి తిరిగి వచ్చాను. అందుకే ఇట్లా రాశాను. నేను చేశాను. తెలిసి చేశాను. డాక్టర్ అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాను. ఈ మూడు మాటలు రాయడానికి నాలుగేళ్ళు పట్టింది, రాశాక మాత్రం చాలా రోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడుతోంది.

ఇందులో పేర్లు రాయలేదు. మిగిలినదేదీ మార్చలేదు. మా వదినకు దొరికిన కాగితమల్లా చదివే అలవాటుంది. ఇది ఆమె చేతికి వస్తే సగం చదవకముందే ఎవరు రాశారో తెలిసిపోతుంది. తెలియనివ్వండి.